ఎర్రదిబ్బ ఒంటి తుమ్ము కేసు

ఎర్రదిబ్బ ప్రవేశ పరిరక్షణ మండలి వారి దివ్య సముఖానికి, విచారణ మందిరంలో పిలుపుల గుమాస్తాగా పనిచేస్తున్న ధరణీధర్ సాష్టాంగపడి చేసుకుంటున్న క్షమాపణ.

ముందుగా నేను పుట్టినందుకు క్షమించాలి. పుట్టేటప్పుడు అనుమతి తీసుకోలేదు. ఆసుపత్రి తలుపు నేను లోపలికి వెళ్ళినట్టు రాసుకోకుండానే బయటికి వచ్చినట్టు రాసుకుందట. అది నా మొదటి నేరం. తర్వాత చదువుకున్నందుకు క్షమించాలి. చదువుకుని కూడా నవ్వు ఆపుకోలేకపోతున్నందుకు మరీ క్షమించాలి. మందిరం తలుపు లోపలి కంప్యూటర్లోకి నేను దొంగతనంగా దూరి దాని బుద్ధి చెడగొట్టానని తమరికి అనుమానం కలిగింది. అంతటి తెలివి నాకు లేకపోయినందుకు సిగ్గుపడుతున్నాను.

అనుమానితుడు తన రోజువారీ చిట్టాను ఉన్నదున్నట్టు సమర్పించాలని చట్టం. ఇదిగో. ఒక్క అక్షరం దిద్దలేదు. దిద్దితే బాగుండునని చాలాచోట్ల అనిపించింది.

మొదటి నమోదు. మంగళవారం

మేముండేది అంగారకుడి మీద కనక ఇక్కడ ప్రతిరోజూ మంగళవారమేనని తాతల నాడు పెద్దలు కూర్చుని తేల్చారు. ఇక్కడ పుట్టిన అందరికీ కుజదోషమే కనక ఎవరికీ లేనట్టేనని కూడా ఆ కూర్చోవడంలోనే తేల్చారు. భూమి నుంచి వచ్చేటప్పుడు సామాను తూకం వేసి ఎక్కించారట. శకునాలకు బరువు లేదు. అవి మొత్తం వచ్చేశాయి.

ఇవాళ మా మేనత్త నూకరత్నం నేరస్తురాలైంది. మధ్యాహ్నం భోజనానికి ముందే.

అత్తది మా వరుస గాలిగదిలో ఉద్యోగం. వరుస అంటే ఒకే గాలి పంచుకుని పీల్చే ఇళ్ళు. గాలిగదిలో జల్లెడ ఎర్రధూళితో పూడుకుపోగానే తీసి కొత్తది పెట్టాలి. పెట్టకపోతే ముందు పిల్లలకు దగ్గు, తర్వాత పెద్దలకు దగ్గు, ఆ తర్వాత ఎవరికీ దగ్గు ఉండదు. కనక అది ముఖ్యమైన పనే. కానీ మనకు పని కంటే అనుమతి ముఖ్యం. ఒక జల్లెడకు ఒక అనుమతి, ఒక అనుమతికి ఒక ప్రవేశం.

అత్త తలుపు తీయించి కుడికాలు గడప లోపల పెట్టింది. వెనకాల కొత్త జల్లెడ మోస్తూ నిలబడ్డ అప్పలస్వామి తుమ్మాడు. ఒక్కటే తుమ్ము. జంట తుమ్ములైతే శుభం కదా, రెండోది వస్తుందేమోనని అత్త కాలు అక్కడే ఉంచి చూసిందట.

"ఇంకోటి తుమ్మరా బాబూ, పుణ్యముంటుంది."

"రావట్లేదక్కా. ముక్కు దాకా వచ్చి వెనక్కి పోయింది."

అత్త కాలు వెనక్కి తీసుకుంది. బయట బల్ల మీద కూర్చుంది. చెంబులోంచి గుక్కెడు మంచినీళ్ళు తాగింది. లేచి, మళ్ళీ కుడికాలు పెట్టి లోపలికెళ్ళి, జల్లెడ మార్చి, ఇంటికొచ్చి చారు పెట్టింది.

గాలిగది తలుపు ఎవరినీ ఆపకూడదు. ప్రాణాలతో పని కనక అది నియమం. అందుకని ఆపదు. తెరుచుకుని, దారిచ్చి, వెనకాల ఫిర్యాదు చేస్తుంది. "నూకరత్నం. ప్రవేశం ఒకటి, అనుమతి ఉంది. నిష్క్రమణ. నూకరత్నం. ప్రవేశం రెండు, అనుమతి లేదు. ధన్యవాదాలు." తలుపు లెక్కలో కాలు లోపల పడితే మనిషి లోపల పడ్డట్టే.

చారు పొంగుతుండగా పొయ్యి ఆరిపోయింది. "క్షమించండి, మీరు అనధికార ప్రవేశ నేరంలో నిందితులు" అంది. అత్త పొయ్యి వైపు చూసి, "నీకెవరు చెప్పారే?" అంది.

నాలుగేళ్ళు కూర్చుని ప్రవేశ న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కనక చెబుతున్నాను. ఎవడో దొంగ పక్క దిబ్బ నీటి ఖాతాలోకి దూరి ఊరు ఊరంతటి నీళ్ళూ మళ్ళించుకుపోయినప్పుడు ఈ చట్టం పుట్టింది. ఆ దొంగ ఇంతవరకూ దొరకలేదు. దొరికినవాళ్ళలో ఒకాయన, భార్య పెట్టిన అన్నం కుక్కర్ కూతపెడితే వెళ్ళి ఆపినవాడు. ఇంకొకావిడ పొరుగింటి పొయ్యి మంట అంటుకుంటే ఆర్పిన ముసలమ్మ. కంప్యూటర్ అంటే ఏమిటో చట్టం స్పష్టంగా చెప్పింది: తెరుచుకునేది, మూసుకునేది, వేడెక్కేది, చల్లబడేది, లేదా వీటిలో ఏదీ చేయకుండా చూస్తూ ఊరుకునేది. ఆ లెక్కన ఎర్రదిబ్బలో కంప్యూటర్ కాని వస్తువులు రెండే మిగిలాయి. చెప్పు, చెంబు.

రెండో నమోదు. ఇంకో మంగళవారం

తీర్పు వచ్చేదాకా అత్తకు సగం వెలి.

పూర్తి వెలి అంటే జీవితాంతం ఏ యంత్రమూ మనిషిని గుర్తించదు. కుళాయి రాదు, దీపం వెలగదు, సొంత ఇంటి తలుపు తెరుచుకోదు. పోనీ పాపమని ఎవరైనా ఆ మనిషి కోసం కుళాయి తిప్పితే వాళ్ళకీ అదే నేరం. సగం వెలి అంటే సరిగ్గా ఇంతే. కాకపోతే కుళాయి రానప్పుడు "దయచేసి" అంటుంది.

అత్త ఇంటి తలుపు మూసుకుంటే మళ్ళీ తెరుచుకోదు కనక, మూసుకోకుండా సందులో మావయ్య పాత చెప్పు పెట్టాం. తలుపు ఆ చెప్పును చాలాసేపు పరీక్షించింది. దాంట్లో లెక్కపెట్టేది ఏమీ లేదని తేల్చుకుని నోరు మూసుకుంది.

ఇక నీళ్ళు. నిందితురాలికి నీళ్ళివ్వడం నేరం. మరిచిపోవడం నేరమని ఎక్కడా లేదు. అందుకని పొద్దున్నే నా కుళాయిలో బిందె నింపుకుని వెళ్తూ వెళ్తూ అత్త గుమ్మం ముందు మరిచిపోయాను. నా వెనకాలే పక్కింటి మహాలక్ష్మి గారు వచ్చి, తలుపులకూ దీపాలకూ వినిపించేలా గొంతెత్తారు.

"అయ్యో రామా! పప్పుగిన్నె ఎక్కడ పెట్టానో ఏమిటో! ఈ మధ్య మతి బొత్తిగా ఉండట్లేదు!"

గిన్నె ఆవిడ చేతిలోనే ఉంది. అత్త గుమ్మంలో పెట్టి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి ఎవరో అన్నం మరిచిపోయారు. ఎవరో వంకాయ కూర మరిచిపోయారు. అప్పలస్వామి ఏకంగా దుప్పటి మరిచిపోయి, గుమ్మంలోనే నిలబడి ముక్కు మీద గుద్దుకున్నాడు.

"దీన్ని కోసేసుకోవాలక్కా."

"కోసుకునే తిప్పలు నీకెందుకురా, ఆ పని మండలి వాళ్ళే చేస్తారు. కూర్చో, తిను." అత్త కంచం వేసింది. నా వైపు తిరిగి, "ధరణీ, మన వరుసలో మతిమరుపు బాగా ముదిరిందిరా. మరి ఉప్పు మాత్రం ఒక్కరూ మరిచిపోరేం?" అంది.

సాయంత్రానికి ఉప్పూ వచ్చింది. గుప్పెడు.

తిన్నాక అడిగాను. "నిజంగా పూర్తి వెలి వేస్తే ఏం చేస్తావత్తా?"

"ఏం చేస్తాను, నువ్వు తొందరగా పెళ్ళి చేసుకో. మతిమరుపు పిల్లని చూసి చేసుకో."

మూడో నమోదు. మంగళవారం, రాహుకాలం దాటాక

రాహుకాలం దాటాక అని ఎందుకు రాశానంటే, విచారణ అప్పుడే మొదలైంది. ప్రవేశ పరిరక్షణాధికారి శ్రీ విశ్వమోహన్ గారు అంతకుముందు ఎన్నడూ మొదలుపెట్టరు. దానికి కారణం శకునం కాదు, యంత్రాలు చల్లబడాలి అంటారు. వారి బండి ముందు నిమ్మకాయా, ఏడు మిరపకాయలూ దారానికి వేలాడుతుంటాయి. ప్లాస్టిక్‌వి. అది యాంటెన్నా అంటారు.

మందిరంలోకి కూడా రోజుకు మనిషికి ఒక్కటే ప్రవేశం. మధ్యలో బయటికెళ్ళి సాక్షులు కూడబలుక్కుంటారని అధికారి గారే పెట్టిన నియమం. "చట్టానికి నేనూ ఒకటే, నూకరత్నమూ ఒకటే. నాకూ ఒక్కసారే" అని అది పెట్టిన రోజు ఉపన్యాసమిచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. గుమ్మం పక్కన నిలబడి పేర్లు పిలవడం నా ఉద్యోగం. సాక్ష్యంగా పెట్టిన పాత జల్లెడ, ధూళి పట్టినది పట్టినట్టే, నా బల్ల మీద సంచిలో ఉంది.

అధికారి గారు గొంతు సవరించుకున్నారు. "తుమ్మిందెవరు?"

అప్పలస్వామి లేచాడు. "నేనేనండి. ముక్కు కూడా నాదేనండి."

"ఎందుకు తుమ్మావు?"

"జల్లెడ మూసుకుపోయిందండి. ధూళి ఎక్కువైపోయిందండి. మార్చడానికే వెళ్ళామండి."

"నూకరత్నమ్మా, తుమ్ము వినిపిస్తే ఎందుకు ఆగారు?"

అత్త ఆశ్చర్యపోయింది. "తుమ్మితే ఆగరా బాబూ?"

"ఎందుకాగాలి? తుమ్ముకీ తలుపుకీ సంబంధమేమిటి? ఈ యుగంలో, ఈ గ్రహం మీద, ముక్కులోంచి వచ్చే గాలికి భయపడి ఒక యంత్రాన్ని రెండుసార్లు అతిక్రమిస్తారా?"

"మా ఆయన ఆగలేదు బాబూ. ఊరిని కప్పిన గోపురానికి బయట పగులు పూడ్చడానికి వెళ్తుంటే ఇదే అప్పలస్వామి వాళ్ళ నాన్న తుమ్మాడు. 'పోదూ, తుమ్ములూ దగ్గులూ' అని నవ్వుకుంటూ వెళ్ళాడు. గాలివాన వచ్చింది. చెప్పులే వచ్చాయి ఇంటికి. ఒకటి ఇప్పుడు తలుపుకి అడ్డం పెట్టాం."

అధికారి గారు కాగితం వైపు చూసి, అందులో చెప్పుల ప్రస్తావన లేదని గమనించి, తీర్పు వాయిదా వేశారు. లేస్తూ ఒక దయ కూడా చూపించారు. అత్త, తాను ఆగింది మూఢనమ్మకం వల్లేననీ, ఇకపై ఎవరు తుమ్మినా ఆగననీ అందరి ముందూ ప్రమాణం చేస్తే జీవితాంతం వెలిని మూడేళ్ళకు తగ్గిస్తారట.

దయ అంటే అలా ఉండాలి. మూడేళ్ళు నీళ్ళు లేకపోతే మనిషికి నాలుగో ఏడు ఎంత హాయిగా గడుస్తుందో!

నాలుగో నమోదు. మంగళవారమే

ఇవాళ పగలే అత్త ఇంటికి వెళితే గది చీకటిగా ఉంది. కిటికీలు లేని ఇళ్ళు కదా మనవి. అత్త మధ్యలో పీట మీద కూర్చుని ఉంది. నేను గడప దాటగానే నన్ను చూసి దీపం వెలిగింది.

"ఎంతసేపట్నించి ఇలా కూర్చున్నావు?"

"మహాలక్ష్మి వచ్చి వెళ్ళిన కాడ్నించి. అది ఉన్నంతసేపూ వెలిగిందిరా. అది గడప దాటగానే ఆరిపోయింది. నేను ఇంట్లోనే ఉన్నాను కదే అని చెప్పాను దీపానికి. వినలేదు."

నేను జోకు వేయాలని నోరు తెరిచాను. రాలేదు. ముక్కు దాకా వచ్చి వెనక్కి పోయినట్టయింది. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది ఈ మనిషే. చిన్నప్పుడు నాకు చీకటంటే భయమని రోజూ నేను నిద్రపోయేదాకా దీపం కింద కూర్చునేది.

"ప్రమాణం చేసెయ్యత్తా. ఒక్క మాట. ఉత్తుత్తినే."

"ఏమని? మీ మావయ్యే గెలిచాడనా?" అత్త నవ్వింది. "తుమ్మినవాడు తుమ్మాడు, ఆగినదాన్ని ఆగాను. పని ఆపానా? నేనామాత్రం ఆగి వెళ్ళబట్టి మీరందరూ ఇవాళ గాలి పీలుస్తున్నారు. అందులో నేను దొంగిలించిందేమిట్రా?"

తుమ్మితే ఊడిపోయే ముక్కు ఉంటే ఎంత, పోతే ఎంత అని సామెత. తుమ్మితే ఊడిపోయే చట్టాన్ని మాత్రం మనం పటం కట్టి గోడకు పెట్టుకున్నాం. పటం కూడా కంప్యూటరే. దాన్ని ముట్టుకుంటే నేరం.

బయటికి రాబోయి ఆగాను. నేను వెళితే మళ్ళీ చీకటి. అందుకని గడప మీదే కూర్చుని ఈ నమోదు రాస్తున్నాను. దీపం నన్ను చూసి వెలుగుతోంది, అత్త ఆ వెలుగులో బియ్యం ఏరుకుంటోంది. ఇది నేరమో కాదో తేల్చుకోలేక దీపం అప్పుడప్పుడూ మినుకుమంటోంది.

అయిదో నమోదు. మంగళవారం, తీర్పు రోజు

మా వరుస మొత్తం వచ్చింది. అందరూ లోపల కూర్చున్నారు, అత్త ముందు బల్ల మీద. ఆవిడ పక్కన మహాలక్ష్మి గారు ఒక చెంబు నిండా నీళ్ళు మరిచిపోయారు.

నేను గుమ్మం దగ్గర నిలబడి పిలిచాను: "ప్రవేశ పరిరక్షణాధికారి శ్రీ విశ్వమోహన్ గారు వేంచేస్తున్నారు!"

వారు వచ్చారు. తలుపు తెరుచుకుంది. కుడికాలు లోపల పెట్టారు. ఎప్పుడూ కుడికాలే పెడతారు. చాలా రోజుల నుంచి గమనిస్తున్నాను.

ఎవరో తుమ్మారు. ఒక్కటే.

అధికారి గారు శిలాప్రతిమ అయిపోయారు. కుడికాలు లోపల, ఎడమకాలు బయట. మందిరంలో ఉన్న అందరి కళ్ళూ ఆ రెండు కాళ్ళ మీదే ఉన్నాయి. రెండో తుమ్ము కోసం వారు చెవులు రిక్కించడం నాకు స్పష్టంగా కనిపించింది. రాలేదు.

"కళ్ళజోడు మరిచిపోయాను" అన్నారు.

కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. మా వరుస మతిమరుపు అంటువ్యాధి అన్నమాట.

కాలు వెనక్కి తీసుకున్నారు. వెళ్ళి నడవాలో కుర్చీలో కూర్చున్నారు. జేబులోంచి చిన్న సీసా తీసి గుక్కెడు నీళ్ళు తాగారు. ఎవరూ చూడట్లేదనుకుని కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నారు. లేచి వచ్చి, కుడికాలు పెట్టి, హుందాగా లోపలికి నడిచారు.

"విశ్వమోహన్" అంది తలుపు, తన మామూలు మర్యాదతో. "ప్రవేశం రెండు, అనుమతి లేదు. ధన్యవాదాలు."

మైకు ఆరిపోయింది. వారి బల్ల మీది తెర ఆరిపోయింది. కుర్చీ వారిని గుర్తించక మెల్లిగా కిందికి దిగిపోయింది. గడ్డం బల్ల అంచుకి ఆనింది.

"ఏమిటిది? ఆపండి! నేను అధికారిని!"

"దయచేసి" అంది కుర్చీ.

చెమటలు పట్టాయి. నీళ్ళ యంత్రం దగ్గరికి వెళ్ళి మీట నొక్కారు. నొక్కారు. మళ్ళీ నొక్కారు. ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం మాకు చాలా కష్టమైంది.

అత్త లేచి, చెంబు పట్టుకుని వెళ్ళింది.

"తాగు బాబూ. ఇది కంప్యూటర్ కాదులే." ఆయన తాగుతుంటే వీపు నిమిరింది. "నువ్వు కూడా ఆగావా? మంచి పని చేశావు. ఎవరు పడితే వాళ్ళు ఆగరు ఈ రోజుల్లో."

ఆ మాటలో వెటకారం లేదు. అదే అసలు దెబ్బ. నేను వెయ్యి జోకులు కూడబెట్టినా అంత గట్టిగా తగలదు.

ఆరో నమోదు. అదే మంగళవారం, సాయంత్రం

మా నాయనమ్మ కాలం నుంచీ అర్జీలు పెడుతున్నా కదలని చట్టం ఈ సాయంత్రానికే సవరణ అయింది. ఇంత వేగంగా పనిచేసే మండలి మనకుందని ఇన్నాళ్ళూ తెలియక అనవసరంగా తిట్టుకున్నాం. సవరణ ఇది:

"ప్రవేశం మొదలైన పిమ్మట, ప్రకృతి సహజమైన శబ్దం వలన అంతరాయం కలిగి, సదరు వ్యక్తి గుక్కెడు నీళ్ళు తాగునంతలో తిరిగి ప్రవేశించినచో, ఆ రెండు ప్రవేశములూ ఒకే ప్రవేశముగా భావించబడును. ఇది నిరుటి నుండి అమలులో ఉన్నట్లు ఎంచవలెను."

విశ్వమోహన్ గారి కుర్చీ పైకి లేచింది. అదే సవరణ కింద, ఆపలేక, అత్త కేసు కూడా కొట్టేశారు. అప్పలస్వామి ముక్కు ప్రకృతి సహజమైనదని వైద్యుడు రాసిచ్చాడు.

అత్త ఇంట్లో దీపం వెలిగింది. "ఇప్పుడు కనపడ్డానేంటే?" అని దాన్ని నిలదీసింది. పొయ్యి వెలిగించి, వరుస మొత్తానికి చారు పెట్టింది. తలుపు సందులో చెప్పు మాత్రం తీయనివ్వలేదు. "ఉండనీరా. వీటిని నమ్మకూడదు" అంది.

చివరి నమోదు. మంగళవారం

ఇది మండలి వారి కోసమే రాస్తున్నాను.

తలుపును నేను చెడగొట్టానని కదా తమరి అనుమానం. తలుపు చెడలేదు. అది మొదటి రోజు అత్తను ఎలా లెక్కపెట్టిందో అధికారి గారినీ అలాగే లెక్కపెట్టింది. మన ఊళ్ళో చట్టానికి అందరూ ఒకటేనని నమ్మిన అమాయకురాలు ఆ తలుపొక్కటే. దాని కంప్యూటర్లోకి నేను దూరలేదు. రహస్య పదం దొంగిలించలేదు. తీగ కత్తిరించలేదు. మీట నొక్కలేదు.

చేసింది ఒక్కటే. నా బల్ల మీద సాక్ష్యంగా ఉన్న జల్లెడ సంచిలోంచి, అప్పలస్వామి చేత తుమ్మించిన ఆ ఎర్రధూళినే చిటికెడు తీసి, అధికారి గారి కుడికాలు గడపలో పడుతుండగా పీల్చాను.

ఆ తుమ్ము నాది.

నన్ను శిక్షించాలంటే అది ప్రకృతి సహజమైన తుమ్ము కాదని తమరు రుజువు చేయాలి. చేయండి, నాకభ్యంతరం లేదు. కానీ అది సహజం కాదని తేలిన క్షణంలో విశ్వమోహన్ గారికి సవరణ వర్తించదు. ఆయన కుర్చీ మళ్ళీ కిందికి దిగుతుంది. అత్తకు ఏమీ కాదు. అప్పలస్వామి ముక్కుకు వైద్యుడి సంతకం ఉంది. బాగా ఆలోచించుకోండి. మధ్యలో ఎవరైనా తుమ్మితే కాస్త ఆగి, మంచినీళ్ళు తాగి ఆలోచించుకోండి.

ఇంకొక్క మాట. చిటికెడు ధూళికి ఒక్క తుమ్ముతో తీరదు. రెండోది వెంటనే వచ్చింది. అది బయటపడితే జంట తుమ్ములయ్యేవి, శుభమని అధికారి గారు నేరుగా లోపలికి నడిచేవారు, మా అత్త చీకట్లో కూర్చునేది. అందుకని రెండు చేతులతో ముక్కు మూసుకుని, కళ్ళలో నీళ్ళు కారుతుంటే, చెవులు గుయ్యిమంటుంటే, ఆయన కళ్ళజోడు కోసం వెనక్కి తిరిగేదాకా ఆపుకున్నాను. నా జీవితంలో నేను కష్టపడి చేసిన పని అదొక్కటే.

అది ఇంకా నా దగ్గరే ఉంది. అనుమతి పత్రం తెచ్చుకుని స్వాధీనం చేసుకోవచ్చు.